తూర్పు తెర

కొత్తగా లైట్‌హౌస్ ఉద్యోగంలో చేరేవాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం వేస్తున్నామని, పాతవాళ్లు తలా నాలుగు పేజీలు రాసివ్వాలని మా పాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ చేసినతను మర్యాదస్తుడే. "సముద్రం అందం, ఆ ప్రశాంతత, అవన్నీ రాయండి మస్తానయ్యగారూ, పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది" అన్నాడు. సరే అన్నాను. ఇది చదివాక వాళ్లు వేయరని నాకు తెలుసు. వేయకపోతే పోనీ, అడిగినవాళ్లకు నేనే ఇస్తాను.

మాది సంగం దగ్గర వరి పండించే కుటుంబం. ఉద్యోగానికి వచ్చేదాకా నేను సముద్రాన్ని సరిగ్గా చూసింది కూడా లేదు. ఆ తర్వాత ముప్పై రెండేళ్లు దాన్ని తప్ప వేరే ఏదీ చూడలేదు. నెల్లూరు తీరంలో, ఎక్కువ భాగం ఒకే లైట్‌హౌస్‌లో గడిపాను. ఊరి పేరు ఎందుకులెండి. చుట్టూ ఇసుక, ఒక పక్క సరుగుడు తోట, అరమైలు దూరంలో చేపలు పట్టేవాళ్ల పాలెం. అంతే.

ప్రమోషన్లు, మెమోలు, సెలవు చీటీలు మీకు ఆఫీసే నేర్పుతుంది. నేను పని సంగతి రాస్తాను. నేను చేసిన ఒక తప్పు సంగతి కూడా రాస్తాను. నిజానికి దాని కోసమే ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

గాలి బాగుంటుందట

లైట్‌హౌస్ చూడటానికి వచ్చినవాళ్లందరూ మెట్లెక్కి పైకొచ్చి, ఆయాసం తీర్చుకుని, ఒకే మాట అంటారు. "సార్, మీకేం సార్, ఇక్కడ గాలి ఎంత బాగుందో!" ముప్పై రెండేళ్లు విన్నాను ఈ మాట. ఆ గాలి మా సైకిళ్లను తిన్నది, తాళాలను తిన్నది, మా ఆవిడ కామాక్షి పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనుప బీరువాను నాలుగేళ్లలో తినేసింది. అన్నంలో ఇసుక, పక్కలో ఇసుక. మంచినీళ్లకు ఇసుకలో చెలమ తవ్వుకోవడం. బిడ్డకు జ్వరమొస్తే సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఇసుకదారిలో సగం తొక్కడం, సగం తోయడం. గాలి బాగుంటుంది, నిజమే. అరగంట ఉండి పోయేవాళ్లకు.

పైన దీపం గది చుట్టూ అద్దాలుంటాయి. ఉప్పు పేరుకుంటే వెలుతురు బయటికి పోదు కాబట్టి బయటివైపు నుంచి కూడా తుడవాలి. నడుముకు తాడు కట్టుకుని, దాన్ని కమ్మీకి ముడేసుకుని, ఎదురుగాలిలో గోడకు కరుచుకుని తుడవాలి. తాడు ఇవ్వమని రాస్తే ఆఫీసు ఇవ్వదు. పాలెంలో అడిగితే పడవ తాడు ఇచ్చేవాళ్లు. ఒకసారి నా కాలు జారింది. ఆ తాడే నన్ను ఆపింది. ఆ తర్వాత నెలరోజులు నిద్రలో కూడా కాలు ఊపుతూనే ఉన్నానని కామాక్షి చెప్పింది.

తుపాను సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వెంకటరమణయ్య గారిని మీకు చూపించడానికి అదే సరైన చోటు. ఆయన మా హెడ్డు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను చేరిన రెండో ఏడు కార్తీకంలో పెద్ద తుపాను వచ్చింది. పాలెంలో గుడిసెలు లేచిపోయాయి. జనం పిల్లలనూ మేకలనూ పట్టుకుని మా తలుపు దగ్గరికొచ్చారు. బయటివాళ్లను లోపలికి రానివ్వకూడదని రూలు. నేను తాళాలు చేతిలో పట్టుకుని రూలు గురించి ఆలోచిస్తుంటే ఆయన నా చేతిలోంచి లాక్కున్నారు.

"తలుపు తియ్యి అబ్బయ్యా. రూలు రాసినోడు ఇప్పుడు ఈ వానలో లేడు" అన్నారు.

మెట్టుకొకరు చొప్పున కింది నుంచి పైదాకా కూర్చున్నారు. రెండు రోజులు దీపం దగ్గరికి పోవాలంటే వాళ్ల భుజాల మీద చెయ్యి వేసుకుంటూ ఎక్కాల్సి వచ్చింది. తర్వాత, తలుపు తీసింది ఎవరని ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ఆయన ఒకటే ముక్క రాశారు. "నేను." అలాంటి మనిషి.

పాదరసం

ఇప్పుడున్నవి చిన్న చిన్న ఎల్‌ఇడి దీపాలు. మా కాలంలో మనిషికంటే ఎత్తున్న గాజు లెన్స్ ఉండేది. టన్నుల బరువు. అది తిరుగుతూ ఉంటేనే ఓడవాళ్లకు వెలుగు మెరిసి ఆరినట్టు కనిపిస్తుంది. అంత బరువు తేలిగ్గా తిరగాలని దాన్ని పాదరసం నిండిన తొట్టిలో తేల్చి ఉంచేవాళ్లు. వేలితో తోస్తే కదిలేది. కొత్తలో నాకు అదొక వింతగా ఉండేది.

ఆ పాదరసానికి మురికి పడుతుంది. కొన్ని నెలలకొకసారి దాన్ని ఇనుప గిన్నెల్లోకి దించి, పాత చీర గుడ్డలో పోసి, నాలుగు మూలలు పట్టుకుని పిండాలి. మురికి గుడ్డలో ఆగిపోతుంది, వెండి చుక్కలు కిందికి రాలతాయి. ఒట్టి చేతులతోనే ఈ పని. చేతొడుగులా, ముసుగా, ఆ మాటలే మేం వినలేదు. చుట్టూ అద్దాలు బిగించిన గది, నడి వేసవి, పైన రాగి కప్పు. చెమట కారి పాదరసంలో పడేది. పని అయ్యాక అదే చేతులు లుంగీకి తుడుచుకుని టీ తాగడం.

ఈ పని వెంకటరమణయ్య గారు ఎవరికీ ఇచ్చేవారు కాదు. "ఇది హెడ్డు పని, నువ్వు పోయి అద్దాలు తుడువు" అనేవారు. చుక్క ఒలికినా సంజాయిషీ తనే చెప్పుకోవాలని ఆయన భయం. అలా పదిహేడేళ్లు రకరకాల లైట్‌హౌసుల్లో ఆయన పాదరసం పిండారు.

నేను చేరేనాటికే ఆయన చేతులు కొంచెం వణికేవి. తర్వాత ఎక్కువైంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారు. చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చేది. మెట్ల మీద తూలేవారు, అక్కడక్కడా ఆగి గోడను పట్టుకునేవారు. నిద్ర ఉండేది కాదు. నెమ్మదస్తుడైన మనిషికి ఊరికే కోపం రావడం మొదలైంది. మళ్లీ కాసేపటికి సిగ్గుపడి గదిలోంచి బయటికి రాకుండా కూర్చునేవారు. ఆయన భార్య పెంచలమ్మ, కూతురు విజయ కావలిలో ఉండేవాళ్లు, ఆ పిల్ల చదువు కోసం. నెలకొకసారి పోయి వచ్చేవారు. చెయ్యి ఎందుకు వణుకుతోందని నేను అడగలేదు. పాలెంలో జనం మాత్రం నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్లు, "హెడ్డు సారు బాగా పట్టిస్తుండాడు" అని. ఆయన తాగగా నేను ఏనాడూ చూడలేదు. పాలెంలో పెళ్లికి పోయినా కల్లు ముంత పక్కకు జరిపేవారు.

ముందే రాసిన పుస్తకం

లైట్‌హౌస్‌లో అందరికీ తెలిసిన భయాలు కొన్ని ఉన్నాయి. తుపాను, పిడుగు, జారిపడటం. ఎవరికీ తెలియని భయం ఒకటి ఉంది, అది ఎండ. లెన్స్ లోపలి వెలుగును ఎంత దూరం పంపుతుందో, బయటి ఎండను కూడా అంత గట్టిగానే లోపలికి లాగి, మధ్యలో దీపం ఉండే చోట ఒక చుక్కగా కూడేస్తుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చారు కదా, అదే. మాది తూర్పు తీరం. సూర్యుడు నీళ్లలోంచి లేచి సూటిగా లెన్స్ మీదికి వస్తాడు. అందుకే దీపం ఆర్పగానే అద్దాల చుట్టూ తెరలు వేయాలి. ముందు తూర్పు తెర, తర్వాత మిగతావి. ఉద్యోగంలో మొదటిరోజు నేర్పే పాఠం అది.

వేశామని పుస్తకంలో రాయాలి. పుస్తకం కింది గదిలో ఉండేది. తెల్లవారుజామున నిద్ర ముంచుకొస్తూ ఉంటుంది, మెట్లు దిగి రాసి మళ్లీ ఎక్కే ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకని డ్యూటీ ఎక్కేముందే రేపటి పొద్దుటి వరుసలు రాసేసుకునేవాళ్లం. "దీపం ఆర్పాను. తెరలు వేశాను. హెడ్డుకు అప్పగించాను." టైములతో సహా. దాని కింద హెడ్డు వచ్చి, పైకెక్కి చూడకుండానే, "చూసి తీసుకున్నాను" అని సంతకం పెట్టేవారు. అందరూ అలాగే చేసేవాళ్లు. నేను చూసిన ప్రతి లైట్‌హౌస్‌లోనూ అంతే. ఒకరి మీద ఒకరికి నమ్మకం అనుకునేవాళ్లం. అది నమ్మకం కాదు, బద్ధకం. మీరు ఈ పని చేస్తే నన్ను తలుచుకోండి.

ఆ పొద్దు నా డ్యూటీ. మూడో మనిషి సెలవులో ఉన్నాడు. దీపం ఆర్పి, తెర తాడు అందుకోబోతూ కిందికి చూశాను. క్వార్టర్ ముందు కామాక్షి పాపను భుజాన వేసుకుని, పైకి చూస్తూ కొంగు ఊపుతోంది. పాప సుజాతకు అప్పుడు రెండేళ్లు. రెండు రోజులుగా జ్వరం. మెట్లు దూకుతూ దిగాను. పాప కళ్లు తేలేసి ఉంది. మూర్ఛ. సైకిలు తీసి, ఇద్దరినీ ఎక్కించుకుని, డాక్టరున్న ఊరికి పోయాను. హెడ్డు గారి తలుపు కొట్టి చెప్పాలని గానీ, తెరలు వేయలేదని గానీ నాకు తోచలేదు. ఇంతవరకు నేను చేసింది తప్పని నేను అనుకోను. ఏ తండ్రైనా అంతే చేస్తాడు.

పాప బతికింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి దీపం గది కాలిపోయి ఉంది.

జరిగింది ఇది. వెంకటరమణయ్య గారు ఆరింటికి వచ్చి పుస్తకం చూశారు. తెరలు వేశానని నా రాత ఉంది. అలవాటు ప్రకారం కింద సంతకం పెట్టారు. తొందరేముందని జనరేటర్ పని చూసుకున్నారు. ఆయన పైకెక్కేసరికి ఎండ బాగా ఎక్కింది. బల్బు పట్టీ, తీగలు, పక్కనున్న తుడుపు గుడ్డలు కాలుతున్నాయి. చేతులతో కొట్టి ఆర్పారు. అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. లెన్స్‌లో గాజు ముక్కలు రెండు పగిలాయి. ఆ రాత్రీ మర్నాటి రాత్రీ మా లైట్ వెలగలేదు. పై కమ్మీకి పెట్రోమాక్స్ కట్టి పెట్టాం.

పాలెంవాళ్లు చెప్పినట్టున్నారు, నన్ను చూడగానే ఆయన అడిగింది, "పాపకెట్లుండాది?" అని.

"బాగుండాది సార్" అన్నాను.

తెరల మాట నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. రేపు చెబుదాం అనుకున్నాను.

విచారణ

చెన్నై నుంచి అధికారి వచ్చాడు. ఏడాదికి ఒకసారి వచ్చి, సగం మెట్లు ఎక్కి, "పైనంతా బాగానే ఉంది కదా" అని దిగిపోయే మనిషి. ఆరోజు మాత్రం ఆఖరిదాకా ఎక్కాడు. దిగొచ్చి, పుస్తకం తెరిచి, వెంకటరమణయ్య గారిని కూర్చోబెట్టాడు.

"తెరలు వేసినట్టు ఉంది. చూసి తీసుకున్నానని నీ సంతకం ఉంది. మళ్లీ తెరలు ఎవరు తీశారు?"

"నేను పైకి పోయేసరికే తెరలు లేవు సార్. చూడకుండా సంతకం పెట్టడం నాది తప్పే. కానీ తెరలు నేను తీయలా."

"ఆ మాటే రాసివ్వు."

ఆయన పెన్ను పట్టుకున్నారు. కట్టు కట్టిన చెయ్యి, దానికి తోడు వణుకు. అక్షరాలు కాగితం మీద గీతలుగా పోయాయి. అధికారి ఆ చేతినే చూస్తూ, "పొద్దున్నే మొదలుపెట్టావా ఏమయ్యా?" అని నవ్వాడు. వెంకటరమణయ్య గారికి ఎక్కడలేని కోపం వచ్చింది. పెన్ను విసిరికొట్టి బయటికి వెళ్లిపోయారు. ఇక అధికారికి వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది.

తర్వాత నన్ను పిలిచాడు.

"తెరలు వేసినావా?"

ఆ గదిలో ఫ్యాను చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. వేయలేదంటే నా డ్యూటీ వదిలి పోయినట్టు. పైగా జరగని పని జరిగినట్టు రాసినట్టు. నాకింకా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు.

"వేసినాను సార్" అన్నాను.

"ఆయన తాగుతాడా?"

నేను పుస్తకం వైపు చూశాను. అధికారే మళ్లీ అన్నాడు. "చూడు, రెండు రాత్రులు లైట్ ఆగింది. ఇది ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. ఆలోచించుకో."

"చేతులు వణుకుతాయి సార్. మెట్ల మీద తూలతాడు. ఈమధ్య కోపం కూడా ఎక్కువైంది" అన్నాను.

ప్రతి మాటా నిజం. ఆ నిజాలను పక్కపక్కన పేర్చి నేను అబద్ధం చెప్పాను. అధికారి దాన్ని కాగితం మీద పెట్టాడు. 'మద్యం అలవాటు కారణంగా' అని రాసి నా వైపు తోశాడు. చదవకుండా సంతకం పెట్టానని మీతో చెప్పుకోవచ్చు. చదివే పెట్టాను. తాగని మనిషికి చేతులు ఎందుకు వణుకుతాయిలే అని ఆ క్షణంలో గట్టిగా అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అప్పుడు అవసరం.

రెండు నెలలకు ఆయన్ను ఇంటికి పంపేస్తూ ఆర్డరు వచ్చింది. ఒక కాపీ కావలిలో ఇంటికి కూడా పోయింది. తోటి ఉద్యోగి వాంగ్మూలం ప్రకారం మద్యం అలవాటు రుజువైందని అందులో రాశారు. ఉద్యోగి పేరు రాయలేదు.

ఆయన సామాను ట్రాక్టరు మీద ఎక్కించింది నేనే. ఒక పెట్టె, పరుపు, రెండు బిందెలు. ఎక్కి కూర్చున్నాక నన్ను దగ్గరికి రమ్మన్నారు. తిడతారనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

"తెల్లారిపూట తూర్పు తెర ముందు వెయ్యాల అబ్బయ్యా. ఎంత పని పడినా సరే" అన్నారు.

అంటే ఆయనకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. ట్రాక్టరు పోయాక నేను జనరేటర్ గదిలోకి పోయి ఏడ్చాను. కానీ కళ్లు తుడుచుకుని చెన్నైకి ఉత్తరం రాయలేదు. ఏడవడం సులువు.

ముసుగుల మనుషులు

ఆ తర్వాత కొన్నేళ్లకు నన్నే హెడ్డు చేశారు. ప్రమోషన్ల సంగతి రాయనన్నాను గానీ ఇది ఎలా వచ్చిందో మీకు తెలియాలి కదా. పాదరసం పిండే పని నాకు వచ్చింది. గుడ్డలో పోయడం, నాలుగు మూలలు పట్టుకోవడం, పిండటం. పదకొండేళ్లు చేశాను.

ఒకరోజు పాత లెన్స్ తీసేసి కొత్త దీపం పెడుతున్నామని వ్యానులో మనుషులు వచ్చారు. కాళ్ల నుంచి తలదాకా తెల్లటి తొడుగులు, ముఖానికి ముసుగులు, మోచేతుల దాకా చేతొడుగులు. నేను వాళ్లకు సాయంగా మెట్లెక్కబోతే ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, మీరు కిందే ఉండండి. పాదరసం తీస్తున్నాం, ఆవిరి చాలా ప్రమాదం. నరాలు దెబ్బతింటాయి."

"ఎట్లా దెబ్బతింటాయి?" అని అడిగాను.

"మొదట చేతులు వణుకుతాయి సార్" అన్నాడు, ఏదో క్లాసులో నేర్చుకున్నది అప్పజెప్పినట్టు.

నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. నా చేతులు అప్పటికే రెండేళ్లుగా వణుకుతున్నాయి. వయసు అనుకుంటున్నాను.

రిటైరయ్యాక నెల్లూరులో నరాల డాక్టరు దగ్గరికి పోయాను. పేరు రాయమన్నాడు, గుండ్రంగా గీత గీయమన్నాడు. ఏం పని చేసేవారని అడిగాడు. చెప్పాను. "పాదరసం ముట్టుకున్నారా?" అన్నాడు. "ముట్టుకోవడమేంది సార్, దాంతో చేతులు కడుక్కున్నట్టే" అన్నాను. ఆయన కాసేపు నా చేతులు పట్టుకుని చూశాడు. ఇన్నేళ్ల తర్వాత పరీక్షల్లో ఏదీ తేలదనీ, రాతపూర్వకంగా ఇవ్వలేననీ, కానీ తన అనుమానం మాత్రం అదేననీ చెప్పాడు. ఆఫీసుకు రాస్తే, అలాంటి జబ్బు ఎవరికీ వచ్చినట్టు తమ దగ్గర రికార్డు లేదని జవాబు వచ్చింది. ఎలా ఉంటుంది? జబ్బు వచ్చినవాడి పేరు ఎదుట తాగుబోతు అని మనమే రాసుకుంటే, రికార్డు ఎక్కడి నుంచి వస్తుంది?

మీకు ఇప్పుడు పాదరసం లేదు. దీపం దానంతటదే వెలుగుతుంది, ఆరుతుంది. ఆదివారాలు టికెట్లు చించి జనాన్ని పైకి పంపడమే పని అని మీరు నవ్వుకుంటున్నారట. నవ్వండి. కానీ మీరు పీల్చేది ఏమిటో, ముట్టుకునేది ఏమిటో మీకు ఎవరూ చెప్పరు. మాకు చెప్పలేదు. అడగండి. మీ పక్కవాడికి ఏదైనా జబ్బులాంటిది కనిపిస్తే దానికి పేరు పెట్టకండి, ఆసుపత్రికి తీసుకుపోండి. చేయని పని పుస్తకంలో రాయకండి. నేను ఇచ్చే సలహాలు ఇంతే.

కావలి

డాక్టరును చూసి వచ్చాక మూడు నెలలు ఆలస్యం చేశాను. ధైర్యం చాలక. చివరికి కామాక్షి అంది, "నువ్వు పోకపోతే నేను పోయి చెప్తా. నా బిడ్డ కోసం దిగొచ్చిన తప్పే గదా అది." పొద్దున రైలెక్కి కావలి పోయాను.

వెంకటరమణయ్య గారు పోయి పద్నాలుగేళ్లయిందని రైల్వేస్టేషన్ దగ్గర కిళ్లీ కొట్టువాడే చెప్పాడు. "ఎవరూ, ఆ తాగుబోతు లైట్‌హౌస్ ఆయనేనా?" అని గుర్తుపట్టి, దారి చూపించాడు.

కూతురు విజయ ఇంటి ముందు వరండాలోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతోంది. నలభై దాటిన మనిషి. మీ నాయనతో పనిచేశానంటే కుర్చీ వేసింది. నా చేతుల వణుకు చూసి ఒకసారి చూపు తిప్పుకుంది. ఆమె ఏమనుకుందో నాకు అర్థమైంది.

"అమ్మా, మీ నాయన తాగలేదు" అన్నాను. పాదరసం సంగతి, డాక్టరు చెప్పిన సంగతి, ముసుగుల మనుషుల సంగతి చెప్పాను. మిషన్ చక్రం మీద చెయ్యి ఉంచి చివరిదాకా కదలకుండా విన్నది.

"ఈ మాట నాకు గాదు సార్, మా అమ్మకు చెప్పండి" అంది. "ఆడ మంచం మీద ఉండాది. చెవుడు. గట్టిగా చెప్పాల."

పెంచలమ్మ గారు చిన్నగా ముడుచుకుపోయి ఉన్నారు. పక్కన కూర్చుని చెప్పాను. వినపడలేదు. మళ్లీ చెప్పాను. మూడోసారి అరిచాను. "మీ ఆయన తాగలేదమ్మా! పాదరసం వల్ల చేతులు వణికినాయి! అది జబ్బు!" వీధి కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు ఇటు తిరిగారు.

 ఆమె మెల్లగా మాట్లాడారు.

"నేను ఆయన నోరు వాసన చూసేదాన్ని నాయనా. అన్నానికి కూర్చునేటప్పుడు దగ్గరికి పోయి చూసేదాన్ని. ఒక్కనాడు గూడా వాసన రాలా. ఏం నమిలొస్తుండాడో, యాడ కడుక్కొస్తుండాడో అనుకునేదాన్ని గానీ, తాగలేదని మాత్రం అనుకోలా. గవర్నమెంటు కాగితంలో రాసుండారు గదా. అన్నం కింద పోసుకుంటాడని కంచం బయట పెట్టినా. పడక గూడా బయటే. కడాకు పొయ్యేదాకా ఆ అరుగు మీదే."

విజయ తల వంచుకుని బట్ట మడత పెడుతూ ఉంది. మడిచిందే మళ్లీ మడుస్తోంది.

"ఒట్టు పెట్టేవాడు" అన్నారు పెంచలమ్మ గారు. "ఆ తెరలు వెయ్యనోడు ఎవుడో నాకు తెలుసే అనేవాడు. మరి పేరు చెప్పు, మా అన్నను పిలిపించి మాట్లాడిస్తా అంటే చెప్పేవాడు గాదు. పాపం చంటిబిడ్డ ఉండాది వాడికి, ఉద్యోగం పోతాది అనేవాడు. అదీ తాగిన మాటే అనుకున్నా." ఆమె నా మణికట్టు పట్టుకున్నారు. "ఎవురు నాయనా అది? ఆడ పనిచేసినావు గదా, నీకు తెలిసుంటాది."

"నేనేనమ్మా" అన్నాను. గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"ఏంది?" చెవి పక్కన చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగారు. "వినపడలా. గట్టిగా చెప్పు."

విజయ తల ఎత్తింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు కింద పెట్టి, గోడ పక్కకు వచ్చి నిలబడ్డారు.

గట్టిగా చెప్పాను.